పదమూడో ఎక్కం విన్న గుర్రం

ఆ గుర్రం నన్ను చూస్తే చాలు, మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ దొడ్డి అవతలి మూలకి వెళ్ళిపోయేది. ఫారం నడిపే పెద్దావిడ వెళ్తే కదిలేది కాదు. గడ్డి వేసే మనిషి వెళ్తే చెవులు తిప్పి చూసి ఊరుకునేది. నేను వెళ్తేనే ఈ గెంతుడు. గెంతినప్పుడల్లా దాని ముందు ఎడమకాలి కట్టు మీద కొత్తగా తడి ఊరేది. అది కదలకుండా నిలబడితే బతుకుతుంది, కదిలితే బతకదు అని డాక్టరు చెప్పి వెళ్ళారు. ఆ లెక్కన దాని ప్రాణం తీస్తున్నది నేనే.

నేను గుర్రాల మనిషిని కాను. టెక్సస్‌లోని ప్లేనోలో, ఇండియన్ షాపులకి సరుకు పంపే ఒక వేర్‌హౌస్‌లో స్టాకు చూస్తాను. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ టింబర్ డిపోలో పనికి కుదిరి, దుంగల మీద కూర్చుని నాకు నేను నేర్చుకున్నవే. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే ఎన్ని ఘనపుటడుగుల కలపో వస్తుంది. అలా కళ్ళతో కొలవడం అలవాటైపోయి, ఇప్పటికీ ఏ వస్తువు కనపడినా ముందు దాని కొలత తోస్తుంది, తర్వాతే దాని పేరు.

వేర్‌హౌస్‌లో మెత్తబడిన క్యారెట్లు పెట్టెలకి పెట్టెలు పారేస్తుంటే మనసొప్పలేదు. ఉత్తరాన గంట ప్రయాణంలో ఒక గుర్రాల ఫారం ఉందని తెలిసి, సెలవు రోజున కారులో వేసుకుని పోయాను. అది మామూలు గుర్రాల ఫారం కాదు. పడమటి రాష్ట్రాల్లో సర్కారు భూముల మీద అడవి గుర్రాలు మందలుగా తిరుగుతుంటాయి. వాటిలో దెబ్బతిన్నవాటిని తెచ్చి బాగుచేసే చోటు. నడిపేది డెబ్బై దాటిన ఒక తెల్లావిడ. నా పెట్టెలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవి తినగలిగినవి ఇక్కడ రెండే ఉన్నాయి. మిగతావన్నీ పస్తులుండి వచ్చాయి. వాటికి ఒక్కసారిగా తీపి పెడితే తట్టుకోలేవు. క్యారెట్లు కాకుండా నీకు ఇంకేమైనా వచ్చా?"

"లెక్కలు వచ్చు" అన్నాను.

ఆవిడ నవ్వింది. అప్పటినుంచి నా పేరు మిస్టర్ క్యారెట్. వేర్‌హౌస్‌లో నా షిఫ్టు మధ్యాహ్నం మొదలవుతుంది కాబట్టి వారంలో కొన్ని ఉదయాలు అక్కడికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. పేడ ఎత్తడం, నీళ్ళ తొట్లు కడగడం, ఏ గుర్రానికి ఎంత గడ్డో తూచి వేయడం నా పని.

చలికాలం మొదట్లో వచ్చింది ఆ ఆడగుర్రం. బూడిదరంగు, పొట్టిది, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. నెవాడాలో ఎక్కడో పాత కంచె తీగలో కాలు ఇరుక్కుని పెనుగులాడిందట. తీగ గిట్టకి పైన వెనకవైపు కోసి, అక్కడ తాడులా ఉండే టెండన్‌ని సగం తెంపింది. మత్తు ఇవ్వాలంటే దాని బరువు కావాలి. దగ్గరికి వెళ్ళి టేపు పెట్టనిచ్చే గుర్రం కాదు. పెద్దావిడ గుర్రం బరువు కట్టే లెక్క చెప్పింది: అంగుళాల్లో ఛాతీ చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, మూడువందల ముప్పైతో భాగించాలి. వినగానే నాకు నవ్వొచ్చింది. ఇది మా డిపో లెక్కే, దుంగకి నాలుగు కాళ్ళు వచ్చాయంతే. కంచె పట్టీల ఎత్తుతో పోల్చి చూసి ఎనిమిదివందల యాభై పౌండ్లు అన్నాను. డాక్టరు వచ్చి, ఒకసారి తేరిపార చూసి, "అంతుండదు" అని తక్కువ మందే వేశారు. మత్తులో ఉండగా టేపు పెడితే ఏడువందల తొంభై రెండు వచ్చింది. దుంగకైతే బెరడు మందం తీసేస్తాం. గుర్రానికి చలికాలపు బొచ్చు తీసేయాలని నాకు తోచలేదు.

ఆ రోజే డాక్టరు అసలు మాట చెప్పారు.

"ఈ కాలు గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఆ రెండో కాలు గురించే" అన్నారు. గుర్రం బరువులో నూటికి అరవై పాళ్ళు ముందుకాళ్ళ మీదే ఉంటుందట. ఎడమది ఆనించకపోతే ఆ భారమంతా కుడిదాని మీద పడుతుంది. నా బుర్రలో లెక్క దానంతటదే నడిచింది: దాదాపు నాలుగువందల డెబ్బై అయిదు పౌండ్లు, ఒక్క గిట్ట మీద, రాత్రీ పగలూ. కొన్నాళ్ళకి ఆ గిట్ట లోపలి ఎముక పట్టు వదిలేస్తుంది. అప్పుడిక నిలబడటానికి కాలే ఉండదు.

"ఫిబ్రవరి చివర మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది ఎడమకాలు ఆనించి నడవాలి. నడవకపోతే కుడిది పోయేదాకా ఆగను, ఆ రోజే ఇంజెక్షన్ ఇచ్చేస్తాను. అప్పటిదాకా కదలనివ్వకండి. గెంతితే అతుక్కునేది మళ్ళీ తెగుతుంది."

ఆయన ట్రక్కు గేటు దాటాక పెద్దావిడ నా వైపు తిరిగింది. "ఉదయాలు దీని పక్కన నిలబడే మనిషి కావాలి. మనిషి పక్కనుంటే బెదరకుండా ఉండటం దానికి అలవాటు కావాలి, అప్పుడే మత్తు లేకుండా కట్టు మార్చగలం. బక్కప్రాణానికి మాటిమాటికీ మత్తు ఇవ్వలేం. నువ్వు నిలబడతావా?"

నిలబడతానన్నాను. సగంలో ఉన్న లెక్కని వదిలేసి లేవడం నాకు చేతకాదు.

నిలబడటం ఏముంది, నేను అడుగు పెట్టగానే అది గెంతడం మొదలుపెట్టింది. పెద్దావిడ ఆ వేళప్పుడు వేరే దొడ్ల దగ్గర ఉండేది. కొన్ని గుర్రాలకి మగవాళ్ళంటే పడదని చెప్పింది. గడ్డి వేసేవాడూ మగవాడే కదా అన్నాను. ఆవిడ భుజాలెగరేసి తన పనిలోకి వెళ్ళిపోయింది. ఇక నేనే కారణం వెతకడం మొదలుపెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అప్పుడే దేనివల్లో తెలుస్తుంది. ముందు చొక్కా రంగు మార్చాను. తర్వాత తలకి కొబ్బరినూనె మానేశాను. కారు దూరంగా ఆపాను. ఇంగువ వాసనేమోనని అక్కడికి వెళ్ళే రోజుల్లో పొద్దున్నే పులిహోర తినడం మానేశాను.

"నేను నూనె మానమంటే పదేళ్ళయినా మానలేదు. గుర్రం మొహం తిప్పుకుంటే మానేశారు" అంది నా భార్య. "అది పాలిస్తుందా అంటే ఇవ్వదు, ఎక్కనిస్తుందా అంటే ఎక్కనివ్వదు. దానికోసం టిఫిన్ కూడానా!"

ఏం మార్చినా గుర్రం గెంతుతూనే ఉంది.

ఆ దొడ్డిలో మెత్తటి ఇసుక పోసి ఉంది. దాని అడుగులు అందులో చక్కగా పడేవి. అత్తయ్యగారు ఊరినుంచి తెచ్చిన కొబ్బరి చీపుర్లోంచి ఒక పుల్ల విరుచుకుని వెళ్ళి, కుడి గిట్ట అచ్చు ఎంత లోతో, ఎడమది ఎంత లోతో చూసేవాణ్ణి. తడిని బట్టి లోతు మారుతుందని తెలుసు. అందుకే పక్కపక్కనే పడ్డ రెండిటినీ ఒకేసారి పోల్చేవాణ్ణి. కుడి అచ్చులో పుల్ల వేలెడు దిగితే ఎడమ అచ్చులో గోరంత కూడా దిగేది కాదు. ఇసుక మీద ముద్ర వేసినట్టు పై అంచు మాత్రం కనపడేది.

మా అత్తయ్యగారు అప్పుడు ఆరు నెలల కోసం మా ఇంటికి వచ్చి ఉన్నారు. పుల్ల విరిచిన సంగతి ఆవిడ కంట పడింది.

"చీపురు విరిచేంత పనేం పడింది బాబూ?"

చెప్పాను. ఆ గుర్రాన్ని చూపించమని పట్టుబట్టారు. ఒక ఆదివారం ఉదయం ముగ్గురం బయల్దేరాం. ఆవిడ చీర మీద స్వెట్టరు, దానిమీద శాలువా, తలకి మఫ్లర్. దారిపొడుగునా కిటికీలోంచి చూసి, "ఇక్కడా నల్లరేగడే! మన పత్తి చేలలాగే ఉందే" అని ఆశ్చర్యపోయారు.

ఫారంలో నేను వెనకే ఉండిపోయాను. ఆవిడ మెల్లగా వెళ్ళి కంచె పట్టుకున్నారు. గుర్రం కదల్లేదు. కొత్త మనిషి, కొత్త బట్టలు, తెలియని వాసన, అయినా కదల్లేదు. నాకు కాస్త కష్టం కూడా అనిపించింది. అంతలో ఆవిడ కట్టు చూశారు.

"అయ్యో తల్లీ! ఎంత కష్టం వచ్చిందే నీకు! చ్చొచ్చొచ్చొ..."

గుర్రం చటుక్కున తల ఎత్తి గెంతుకుంటూ అవతలి మూలకి వెళ్ళిపోయింది.

పక్క దొడ్డిలో ఉన్న పెద్దావిడ గబగబా వచ్చింది. "ఆవిడ దాన్ని ఎందుకు పొమ్మంటోంది?"

"పొమ్మనలేదు. జాలిపడుతోంది."

"జాలా? ఏ గుర్రాన్నడిగినా చెప్తుంది, అది నడవమని" అని, ఆవిడ అటు పక్కకి తిరిగి, బుగ్గలోంచి నాలుకతో మెల్లగా టక్ టక్ మనిపించింది. పక్క దొడ్డిలో నిద్రపోతున్నట్టున్న ముసలి గుర్రం కళ్ళు తెరిచి రెండు అడుగులు ముందుకి వేసింది. "పట్టినచోట కొంత, ఇక్కడ ట్రక్కు దించి దొడ్డిలోకి తోలేటప్పుడు కొంత, ఆ బూడిదరంగు దానికి ముందు నేర్పినది ఇదే. ఈ శబ్దం వింటే నడవాలి. తెలివైంది, తొందరగా పట్టేసింది." అని నా మొహంలోకి చూసి, "నువ్వు కూడా ఇలాగే చేస్తావా?" అంది.

"నేనా? లేదే" అన్నాను.

"చేయరా?" అంది నా భార్య. "క్రికెట్‌లో వికెట్ పడితే చేస్తారు. పాలు విరిగితే చేస్తారు. ఇందాక కారులో వస్తూ రోడ్డు పక్కన చచ్చిపోయిన ఉడతని చూసి కూడా చేశారు."

వాళ్ళది బుగ్గలోంచి వచ్చే చప్పుడు, మనది పళ్ళ వెనకనుంచి వచ్చేది. నా చెవికి రెండిటికీ చాలా తేడా ఉంది. గుర్రానికి లేదు. ప్రతి ఉదయం దొడ్డిలోకి అడుగుపెట్టడం, ఆ కట్టు చూడటం, నాకు తెలియకుండానే చ్చొచ్చొ అనడం, అది నా మాట విని కష్టపడి నడవడం. దానికి నేనంటే భయం లేదు. చెప్పినట్టు విందంతే. చొక్కాలూ నూనెలూ అన్నీ మార్చి చూసినవాణ్ణి, నోటిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

"అత్తయ్యగారూ, మనం జాలిపడితే దానికి నడవమన్నట్టట" అని చెప్పాను.

"ఇదేం చోద్యం! జాలిపడకూడదా అయితే?"

"పడొచ్చట. చప్పుడు చేయకుండా పడాలట."

ఆవిడ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని, వెళ్ళేదాకా అలాగే చూస్తూ నిలబడ్డారు.

నాలుకని ఆపడం అనుకున్నంత సులువు కాదు. గట్టిగా పళ్ళు బిగిస్తే కట్టు కనపడగానే ముక్కులోంచి ఏదో చప్పుడు వచ్చేది. చూయింగ్ గమ్ నమిలితే అదే టిక్కు టిక్కు. అత్తయ్యగారు చెప్పినట్టు నాలుక కింద లవంగం పెట్టుకుంటే నోరు మొద్దుబారింది కానీ బుద్ధి రాలేదు. నాలుకకి వేరే పని పెట్టాలని అర్థమైంది. పాటలు నాకు రావు. నోటికి వచ్చింది ఎక్కాలే.

పన్నెండో ఎక్కం దాకా బడిలో ఎవరో నేర్పారు. పదమూడు నా సొంత సంపాదన. అందుకని అక్కడినుంచే మొదలుపెట్టాను. గుర్రం భుజం దగ్గర, చూపు నేలమీద పెట్టి, మెల్లగా: "పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది." పదమూడు ఏడులు దగ్గర నాకు మొదటినుంచీ ఒక క్షణం ఆగడం అలవాటు. నేర్చుకునేటప్పుడు అక్కడే తప్పు వచ్చేది. నేను ఆగగానే గుర్రం చెవి నా వైపు తిరిగేది. తొంభై ఒకటి అనగానే మళ్ళీ ముందుకి పోయేది.

అది కదలడం మానేసింది.

పొడవాటి వెదురు గెడతో ముందు మెడ మీద తాకాను. తర్వాత వీపు, భుజం, మోకాలు. పోనుపోను గెడ పట్టుకునే చోటు ముందుకి జరిగి, ఒకరోజు గెడ బదులు నా చేయే దాని మీద ఉంది. బొచ్చు కింద చర్మం వణికి ఆగింది. పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని మత్తు లేకుండా కట్టు మారుస్తుంటే నేను భుజం దగ్గర నిలబడి పదమూడు, పద్నాలుగు, మళ్ళీ పదమూడు చదివేవాణ్ణి.

"ఏం ప్రార్థన అది?" అని అడిగింది ఆవిడ, తల ఎత్తకుండా.

"ప్రార్థన కాదు, గుణకారం."

"దేవుడు నా మాట విన్నదీ లేదు. గుణకారమే కానియ్యి."

ఇంట్లో నా భార్య ఫోన్‌లో అందరికీ చెప్పేసింది. "మా ఆయన గుర్రానికి ఎక్కాలు నేర్పుతున్నారు. అది పాసైతే మనవాళ్ళ పిల్లల్ని కూడా పంపండి."

పుల్ల మీద ఎడమ అచ్చు లోతు పెరిగింది. కుడిది మూడు పాళ్ళు దిగితే ఎడమది ఒక పాలు. తర్వాత కుడికి సగం. అప్పుడు వచ్చి పడింది ఐసు. టెక్సస్‌లో ఐసు పడితే ప్లేనో అంతా తలుపులు వేసుకుని కూర్చుంటుంది. వేర్‌హౌస్ కూడా మూసేశారు. దొడ్డి అద్దంలా ఉంటుందని, అది ఒక్కసారి జారితే ఇన్నాళ్ళదీ పోతుందని నాకు తెలుసు. డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకున్నాను.

"ఈ రోడ్ల మీద డ్రైవ్ చేస్తారా? మీ కాలు విరిగితే నేను ఏ ఎక్కం చదవాలి?" అంది నా భార్య. అంటూనే ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది.

గంట దారి పూట పట్టింది. పెద్దావిడ అప్పటికే ఒంటరిగా ఎండుగడ్డి పరుస్తోంది. ఇద్దరం కలిసి గుర్రం చుట్టూ మందంగా గడ్డి వేసి, దానిమీద ఇసుక చల్లి, నీళ్ళ తొట్టి దానికి దగ్గరగా జరిపాం. తొట్టిలో మంచుపలక పగలగొడుతుండగా ఆ శబ్దానికి బెదిరి అది పక్కకి తిరిగింది. వెనక కాలు జారింది. పడలేదు, కానీ ఎడమకాలి మీద మొత్తం బరువు ఒక్కసారి పడింది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ పైకెత్తి పట్టుకుంది.

ఐసు కరిగాక పుల్ల పెట్టి చూశాను. ఎడమది మళ్ళీ పై అంచే.

"ఎక్కువ ఆశ పెట్టుకోకు, మిస్టర్ క్యారెట్" అంది పెద్దావిడ. విసురుగా కాదు, మెల్లగానే అంది. ఆశ సంగతి నాకు తెలియదు, మొదటి అంకె నుంచి మళ్ళీ మొదలుపెట్టడం తెలుసు. మర్నాడు పదమూడు ఒకట్ల దగ్గర మొదలుపెట్టాను. అటుపై ఉదయం వీలైన ప్రతిరోజూ వెళ్ళాను. వేర్‌హౌస్‌లో షిఫ్టులు అటూ ఇటూ మార్చుకున్నాను. ఎడమ అచ్చు కొద్దికొద్దిగా దిగింది. ఫిబ్రవరి చివరికి కుడిది నాలుగు పాళ్ళయితే ఎడమది మూడు.

డాక్టరు వచ్చిన రోజు ఎండ బాగా కాసింది. మొదట నా పుల్ల చూపించి నాలుగుకి మూడు అన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నారు.

"మంచి విషయమే. కానీ నిలబడ్డప్పటి బరువు వేరు, నడిచేటప్పటిది వేరు. నేను నడక చూడాలి."

గుర్రం నా పక్కన బొమ్మలా నిలబడింది. ఇన్ని వారాలు మేం నేర్పింది అదే కదా. పెద్దావిడ కర్రకి ప్లాస్టిక్ సంచి కట్టిన జెండా తీసుకుంది, దాన్ని ఊపితే అడవి గుర్రం పరిగెత్తుతుంది. డాక్టరు చేయి అడ్డం పెట్టారు. "వద్దు. భయంతో పరిగెత్తితే కుంటు దాచేస్తుంది. దానంతటది నడవాలి."

ఇద్దరూ నా వైపు చూశారు.

నోరు తెరిస్తే వచ్చింది "పదమూడు ఒకట్ల పదమూడు". గుర్రం తల కిందికి దించి ఇంకా స్థిరంగా నిలబడింది. ఆపేశాను. చ్చొ అనబోతే నాలుక పళ్ళకి అంటుకోలేదు. నోరు ఎండిపోయింది. ఇన్నాళ్ళూ రావద్దంటే వచ్చిన చప్పుడు, ఇప్పుడు రమ్మంటే రాలేదు. డాక్టరు గడియారం చూసుకున్నారు. ఆయన ట్రక్కు వెనక తలుపు తెరిచి ఉంది, లోపల మందుల పెట్టె కనపడుతోంది.

కాలు వైపు చూడకూడదని పెట్టుకున్న నియమం పక్కన పెట్టి, చూశాను. కట్టు విప్పేసి ఉంది. బొచ్చు లేని చోట గులాబిరంగు మచ్చ, వేలి మందాన ఉబ్బి, కాలి వెనక చుట్టూ తీగ తిరిగిన దారిలోనే తిరిగి ఉంది. ఎంత పెనుగులాడి ఉంటుందో.

చ్చొచ్చొచ్చొ.

గుర్రం నడిచింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కంచె వెంట మలుపు తిరిగి, నేను ఇంకోసారి అనగానే, నాలుగడుగులు చిన్న పరుగులాంటిది అందుకుంది. కుడిది నేలకి తగిలినప్పుడు తల కాస్త కిందికి పోతోంది. అడుగుల చప్పుడు సమంగా లేదు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాకు వినపడింది అంటే డాక్టరుకి వినపడకుండా ఉండదు.

"కుంటుతోంది" అన్నారు ఆయన.

ఆయన లోపలికి వెళ్ళి కుడి గిట్ట మీద అరచేయి పెట్టి వేడి చూశారు. నేను భుజం దగ్గర పదమూడు చదివాను. తర్వాత మచ్చని వేళ్ళతో నొక్కి చూసి లేచారు.

"కుంటు పూర్తిగా ఎప్పటికీ పోదు. ఎవరూ ఎక్కడానికి ఇది పనికిరాదు. బతకడానికి పనికొస్తుంది. కొన్నాళ్ళు ఇక్కడే రోజూ కాస్త కాస్త నడిపించండి, తర్వాత పచ్చికలోకి వదలండి." ట్రక్కు దగ్గరికి వెళ్ళి, పెట్టె ముట్టుకోకుండానే తలుపు వేశారు. పెద్దావిడ జెండా కర్ర కంచెకి ఆనించి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకుంది.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్యగారు ఎత్తారు, నేను స్పీకర్ ఆన్ చేశాను.

"ఏమైంది బాబూ?"

"నడిచింది అత్తయ్యగారూ. బతికించారు."

"బంగారు తల్లి! ఇంకా కుంటుతోందా?"

"కొంచెం. అది ఉండిపోతుందట."

"అయ్యో పాపం... చ్చొచ్చొచ్చొ..."

నా పక్కన నిలబడ్డ గుర్రం ఫోన్ వైపు ఒక చెవి తిప్పి, మెల్లగా నడుచుకుంటూ నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇసుకలో నాలుగు కాళ్ళ అచ్చులూ పడ్డాయి. నేను జేబులోని పుల్ల తీయలేదు.